కొత్త బోరు కాదు, ఉన్న మూడు బోర్లు కలపండి

ప్రశ్న: మాది శ్రీ సత్యసాయి జిల్లా, కదిరి ప్రాంతం. పక్కపక్కనే ఉన్న మా ఎనిమిది కుటుంబాలకు 28 ఎకరాల ఎర్రనేల ఉంది. ఏడు బోర్లు వేస్తే మూడే పోస్తున్నాయి. నా బోరు గత వేసవిలో ఎండిపోయింది. పూత తర్వాత వేరుశనగ ఊడలు నేలలోకి దిగే వేళకు ఏటా బెట్ట వస్తోంది. 900 అడుగులకు కొత్త బోరు వేద్దామని పాయింటు పెట్టించాను. వేయమంటారా?

జవాబు: వేయవద్దు. నీళ్లున్నాయనడానికి గుర్తుగా పాయింటు పెట్టినవారి అరచేతిలో కొబ్బరికాయ నిలబడే ఉంటుంది. కానీ మీ నేల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లుండేది పైన మెత్తబడిన పొరలో, దాని దిగువన పగుళ్లలో. లోతుకు వెళ్లేకొద్దీ ఆ పగుళ్లు తగ్గిపోతాయి. ఒకవేళ తడి తగిలినా అది పక్కవారి బోరు నీరే కావచ్చు.

అనుమానం ఉంటే చూసుకోండి. పోస్తున్న బోరు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో రాసుకోండి. మర్నాడు పక్క మోటారు ఆపించి అదే వేళకు మళ్లీ కొలవండి. డ్రమ్ము తొందరగా నిండిందంటే రెండింటికీ ఒకటే ఊట.

ఇప్పుడు లెక్క వేద్దాం. డ్రమ్ము 90 సెకన్లలో నిండితే గంటకు 8,000 లీటర్లు, తొమ్మిది గంటల కరెంటుకు 72,000. ఎకరాకు 20 మిల్లీమీటర్ల తడి ఇవ్వడానికి కావలసింది సుమారు 80,000 లీటర్లు. మూడు బోర్లూ ఇలాగే పోస్తే 28 ఎకరాలకూ ఒక తడి పది పదకొండు రోజుల్లో అందుతుంది. ఊడలు దిగేటప్పుడు ఒకటి, గింజ ఊరేటప్పుడు ఒకటి, ఈ రెండు తడులు పడితే బెట్ట ఏడాదిలోనూ పంట చేతికొస్తుంది. ఎకరా వరికి పట్టే నీరు 1,200 మిల్లీమీటర్లు అనుకుంటే, ఆ నీటితో ముప్పై ఎకరాల వేరుశనగకు రెండేసి తడులు ఇవ్వవచ్చు. మీ మూడు బోర్ల కింద ఎంత వరి ఉందో మీరు రాయలేదు. అసలు విషయం అదే అనుకుంటున్నాను.

మూడు బోర్లనూ భూమిలో పూడ్చిన పైపులైనుతో కలిపి, ప్రతి పొలం దగ్గర ఒక వాల్వు పెట్టుకోండి. తడి స్ప్రింక్లర్లతోనే ఇవ్వాలి, కాలువ పారిస్తే ఈ లెక్క కుదరదు. సబ్సిడీ సంగతి రైతు సేవా కేంద్రంలో అడగండి.

పైపులు వేయడం తేలిక, బోరున్నవారిని ఒప్పించడమే కష్టం. ‘నా అప్పుతో వేసిన బోరు నీళ్లు వాళ్లకెందుకివ్వాలి?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బోరు, కరెంటు కనెక్షను వారి పేరునే ఉంచండి. ఖరీఫ్‌లో బెట్ట తడులు అందరికీ, రబీ నీటిలో మొదటి వంతు వారికి. బదులుగా మిగతా ఐదు కుటుంబాలూ పదేళ్లపాటు కొత్త బోరు వేయబోమని రాసివ్వాలి. బోరున్నవారికి అసలు లాభం ఇదే: పక్కన ఇంకో బోరు పడి తమది ఎండిపోతుందన్న భయం పోతుంది. వరి మానేసి ఆరుతడి పంటలే వేస్తామని అందరూ సంతకం చేయాలి. మోటారు కాలినప్పటి ఖర్చుకు ఎకరాకు ఇంత అని ముందే జమ చేసుకోండి.

ఇది గాలిలో మాట కాదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే కొన్ని ఊళ్ల రైతులు బోర్లు కలుపుకొన్నారు. 2000 దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో రైతులే నీటిమట్టం కొలిచి, వాన లెక్క రాసి, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీటికి తగ్గ పంటలు ఎంచుకున్నారు. ఎవరినీ ఎవరూ బలవంతపెట్టలేదు, లెక్క కళ్లెదుట ఉండేది.

ఇంకో మాట. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్లు తీసేయండి. వంతు తప్పేదీ, తగవు పుట్టేదీ అక్కడే. పూర్వం చెరువు కింద నీరుగంటి ఉన్నట్టు, వాల్వులు తిప్పే పని ఒక్కరికే అప్పగించండి. వీలైతే బోరు లేనివారికి.

మూడు బోర్ల డ్రమ్ము లెక్క, పొలాల మధ్య దూరం రాసి పంపితే ఎంత సైజు పైపు కావాలో చెబుతాను. అప్పటిదాకా రిగ్గుకు అడ్వాన్సు ఇవ్వకండి.