కొండ దారిలో కాన్పు: బైక్ అంబులెన్స్ క్షేమమేనా?

ప్రశ్న: మాది పాడేరు మన్యంలో కొండ మీది గూడెం. 108 వాహనం మా ఊరికి రాలేదు కనుక తారురోడ్డు దాకా మనిషిని డోలీలోనే మోయాలి. మా కోడలికి ఎనిమిదో నెల. మనిషిని పడుకోబెట్టే తొట్టి పక్కన బిగించిన బైక్ అంబులెన్స్ కుదుపులకు కడుపులో బిడ్డకు ప్రమాదమని కొందరు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ భయం సహజమే కానీ, ఇలాంటి చోట్ల తల్లీబిడ్డలకు కుదుపుల కన్నా ఆలస్యం ఎక్కువ ప్రమాదకరం. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోతే రెండు గంటల్లోనే తల్లి ప్రాణం పోవచ్చు. ఆఫ్రికాలోని మలావీ దేశంలో, మంగోచి జిల్లాలోని మూడు గ్రామీణ ఆరోగ్య కేంద్రాలలో 2001-02లో ఇలాంటి బైకులను పెట్టి పరిశీలించినప్పుడు, గర్భిణులను పెద్దాసుపత్రికి చేర్చడంలో జాప్యం రెండు నుంచి నాలుగున్నర గంటల దాకా తగ్గింది. కారు అంబులెన్సుతో పోలిస్తే కొనుగోలు ఖర్చు పంతొమ్మిదో వంతే అయింది. మన రాష్ట్రంలోనూ 2018లో గిరిజన ప్రాంతాలకు ఫీడర్ అంబులెన్సుల పేరుతో వందకు పైగా బైకులు వచ్చాయి. గూడెం నుంచి 108 ఆగే చోటుకు మనిషిని చేర్చడం వాటి పని.

ప్రయాణంలో ఆమెను వెల్లకిలా కాక ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి బిడ్డకు రక్తం తగ్గుతుంది. ఆశా కార్యకర్తో, ఏఎన్ఎమ్మో వెంట ఉండటం మంచిది. బిడ్డ తల బయటకు కనిపిస్తుంటే మాత్రం బండి ఎక్కించకుండా అక్కడే కాన్పు చేయించి, ఆ తర్వాతే తల్లినీ బిడ్డనూ తరలించాలి.

అయితే వానాకాలంలో గెడ్డలు పొంగితే బైకు కూడా దాటలేదు. పైగా మామూలు పీహెచ్‌సీలో ఆపరేషన్ సదుపాయం, ఎక్కించడానికి రక్తం ఉండవు. అందువల్ల బైకు ఒక్కదాన్నే నమ్ముకోవద్దని గట్టిగా చెబుతున్నాను. మన్యంలో కొన్నిచోట్ల కాన్పుకు ముందే వచ్చి ఉండేందుకు గర్భిణుల వసతి గృహాలున్నాయి. మీకు దగ్గరలో ఉందేమో ఏఎన్ఎంను ఇప్పుడే అడగండి. లేకపోతే నెలలు నిండే సమయానికి రెండు వారాల ముందే ఆసుపత్రి ఉన్న ఊళ్లో బంధువుల ఇంట ఉంచండి. రక్తం కనబడినా, ఫిట్స్ వచ్చినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా ఆ క్షణమే బయలుదేరాలి.

ప్రశ్న: దారిలోనే కాన్పయితే పసిబిడ్డను ఎలా తేవాలి?
– ఒక ఆశా కార్యకర్త

జవాబు: స్నానం చేయించకుండా, ఒళ్లు తుడిచి, తల్లి ఛాతీకి నేరుగా ఆనించి, ఇద్దరికీ కలిపి దుప్పటి చుట్టి, బిడ్డ తలకు టోపీ పెట్టి తీసుకురండి. కొండ గాలికి, ముఖ్యంగా రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువున్న పిల్లల ఒళ్లు నిమిషాల్లో చల్లబడుతుంది. ముక్కు, నోరు మూసుకుపోకుండా మధ్యమధ్యలో బండి ఆపి చూడండి.