చెయ్యి అందని స్పార్క్ ప్లగ్గులు మార్చడం ఎలా?

యానాంలో నడిపే బోటు లోపలి పెట్రోలు ఇంజినుకు గోడవైపు ప్లగ్గులు చేతికి అందడం లేదని అడిగారు. ఇంజినును కదపనక్కర లేదు.

దాన్ని పూర్తిగా చల్లారనివ్వండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, బోటు అడుగున పేరుకుంటుంది. ఇంజిను గది మూత తెరిచి, బ్లోయరు (ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) నడిపి, వాసన పూర్తిగా పోయాకే బ్యాటరీ తీగ విప్పండి. దయచేసి ఈ పని తొందరలో వదిలేయకండి, ప్రాణాలతో వ్యవహారం.

ప్లగ్గు సాకెట్‌కు పొట్టి ఎక్స్‌టెన్షన్, ఎటైనా వంగే జాయింటు తగిలించండి. ప్లగ్గు తీగను లాగకుండా దాని చివరనున్న రబ్బరు టోపీని పట్టుకుని మెలితిప్పి తీయండి. ఒకటి మార్చాకే రెండోది ముట్టుకోండి. తీగలు తారుమారైతే ఇంజిను సరిగా నడవదు. విప్పేముందు చుట్టూ ఉన్న మురికి తుడవండి.

అసలు కష్టం కొత్తది ఎక్కించడంలోనే. ప్లగ్గు తలకు బిగుతుగా పట్టే రబ్బరు గొట్టం తొడిగి, దానితోనే తిప్పండి. మర వంకరగా పడితే గొట్టం జారిపోతుంది కాబట్టి ప్లగ్గు బిగిసే సిలిండర్ హెడ్ (ఇంజిను పైభాగం) మర పాడవదు. చివరి బిగింపుకే రెంచి వాడండి, అదీ ఇంజిను పుస్తకంలో చెప్పినంతే.

గౌతమి పాయలోకి సముద్రపు పోటు ఎక్కే చోట ఉప్పుగాలి తుప్పు తెస్తుంది. టోపీ లోపల కాస్త డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) రాయండి.