స్పేస్‌వాక్‌లో తాడు ఊడిపోతే వ్యోమగామికి ఏమవుతుంది?

అంతరిక్ష కేంద్రం బయట పనిచేస్తున్న వ్యోమగామి తాడు ఊడిపోతే అతడు భూమి మీద పడతాడా, శూన్యంలోకి కొట్టుకుపోతాడా, అతణ్ణి కాపాడే దారి ఏదైనా ఉందా అని మీరు అడిగారు. మొదటిది జరగదు, రెండోది తాడు ఊడినంత మాత్రాన జరగదు. కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో భూమి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. దాని బయట ఉన్న మనిషి కూడా అదే వేగంతో, అదే దారిలో తిరుగుతూ ఉంటాడు. తాడు ఊడినంత మాత్రాన ఆ దారి మారదు. అయితే ఊడిన క్షణంలో చెయ్యో కాలో తగిలి చిన్న తోపుడు పడినా చాలు, అతడు కేంద్రం నుంచి వేరుపడతాడు. ఆ కదలిక ఎంత నెమ్మదైనదైనా, దాన్ని ఆపడానికి అక్కడ నేల గాని, గాలి గాని, పట్టుకోవడానికి మరొక వస్తువు గాని ఉండదు.

ఆ తోపుడు ఏ దిక్కున పడిందన్న దాన్ని బట్టి జరిగేది మారుతుంది. సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో కేంద్రం వెళ్ళే దిక్కుకే, అంటే ముందుకు జారినవాడు మొదట కాస్త ముందుకు వెళ్ళి, కక్ష్య కొద్దిగా పెద్దదై ఒక చుట్టుకు ఎక్కువ సేపు పట్టడం వల్ల క్రమంగా వెనకబడి, సుమారు 90 నిమిషాల ఒక్క చుట్టు పూర్తయ్యేసరికి కేంద్రానికి ఒకటిన్నర కిలోమీటర్లకు పైగా వెనక ఉంటాడు. భూమి వైపు జారినవాడు మాత్రం, లెక్క ప్రకారం, ఒక చుట్టు తరువాత మళ్ళీ కేంద్రం దగ్గరికే రావాలి. కాని ఏ తోపుడూ అంత తిన్నగా ఒకే దిక్కున పడదు గనుక ఈ లెక్కను నమ్ముకుని ఎవరూ ఊరుకోరు. సూటులోని ఆక్సిజన్ ఆరు నుంచి ఎనిమిది గంటల పనికి సరిపోతుంది, అత్యవసరానికి ఉంచిన నిల్వ సుమారు అరగంటకే వస్తుంది.

నేను ఒడిశాలో కొరాపుట్ జిల్లా జయపురంలో ఉంటాను. ఈ కొండల్లో హైటెన్షన్ టవర్ లైన్ల పనికి చాలాకాలం సూపర్‌వైజరుగా ఉన్నాను. మా గ్యాంగులో తెలుగువారు, ఒడియావారు, ఆదివాసులు కలిసి పనిచేసేవారు. టవర్ ఎక్కే మనిషి బెల్టుకు రెండు తాళ్ళు, రెండు కొక్కేలు ఉంటాయి. ఒక యాంగిల్ (టవర్‌లోని ఇనుప కమ్మీ) నుంచి పై యాంగిల్‌కు మారేటప్పుడు ముందుగా రెండో కొక్కెం పైన తగిలించి, దాని నాలుక పూర్తిగా మూసుకుందో లేదో బొటనవేలితో తడిమి చూసి, ఆ తరువాతనే కింది కొక్కెం విప్పాలి. స్పేస్‌వాక్‌లోనూ నియమం ఇదే. ఎయిర్‌లాక్ (కేంద్రం నుంచి బయటికి వచ్చే గది) దగ్గర కట్టిన సుమారు 26 మీటర్ల ఉక్కు తీగ రీలు నుంచి సాగుతూ వ్యోమగామి వెంట వస్తుంది. పనిచేసే చోట నడుముకున్న పొట్టి తాడును కూడా తగిలిస్తారు. కొత్తది తగిలించకుండా పాతది విప్పరు. కొక్కెం మూసుకుంది, దాని తాళం పడింది అని రేడియోలో పైకి చెప్పడమూ, తోటివారి కొక్కేన్ని కళ్ళతో చూసి సరిచూడడమూ వారి పద్ధతి. ఒకసారి మంచు పడిన ఉదయం మావాడొకడు తడిసిన యాంగిల్ మీద కాలు జారి వేలాడాడు. కొక్కెం ఆగింది, కాని అతడు తనంతట తాను పైకి రాలేకపోయాడు, ఇద్దరు ఎక్కి దించవలసి వచ్చింది.

నేను చూసినంతలో కొక్కెం విషయంలో ఏమరుపాటు కొత్తవాళ్ళలో తక్కువ. వాళ్ళకు భయం ఉంటుంది. అలసిన చేతులతో, పని ముగింపుకు వచ్చిన వేళ, అనుభవమున్నవాళ్ళే ఒక అడుగు తాడు లేకుండా వేస్తారు. అంతరిక్షంలో ఆ అలసట మరీ ఎక్కువ, ఎందుకంటే గాలి నిండి బిగుసుకున్న గ్లోవ్స్‌లో ప్రతి పిడికిలీ ఆ బిగువుకు ఎదురుగానే బిగించాలి. 1966 జూన్‌లో అమెరికా జెమిని 9ఎ అంతరిక్ష యాత్రలో జీన్ సెర్నన్ పట్టుకోవడానికి సరైన పిడులు లేక, రెండు గంటలు పెనుగులాడి, హెల్మెట్ అద్దం ఆవిరితో మసకబారి పని ఆపేయవలసి వచ్చింది. అదే ఏడాది నవంబరులో బజ్ ఆల్డ్రిన్ నీళ్ళలో సాధన చేసి, పిడులూ పాదాల పట్టీలూ అమర్చుకుని వెళ్ళి, ఆ ఇబ్బందేమీ లేకుండా పని ముగించారు. ఇంతవరకు ఏ వ్యోమగామీ కొట్టుకుపోలేదంటే ఈ పిడులకూ కొక్కేలకూ ఉన్న పాత్ర చాలా పెద్దదని నా నమ్మకం. పరికరాలు మాత్రం పోయాయి: 2008 నవంబరులో హైడ్ స్టెఫనిషిన్-పైపర్ గ్రీజు మరకలు తుడుస్తుండగా, కట్టని పనిముట్ల సంచి ఒకటి చేజారిపోయింది.

ఇక వెంబడించి పట్టుకునే సంగతి. 1984 ఫిబ్రవరి 7న బ్రూస్ మెక్‌కాండ్లెస్ ఏ తాడూ లేకుండా, నైట్రోజన్ జెట్లున్న ఆసనంతో స్పేస్ షటిల్ అనే అమెరికన్ వ్యోమనౌక నుంచి దాదాపు 100 మీటర్ల దూరం వెళ్ళి వచ్చారు. అవసరమైతే షటిలే అతని దగ్గరికి రాగలిగేది. 400 టన్నులకు మించిన అంతరిక్ష కేంద్రానికి అలా కదిలి రావడం సాధ్యం కాదు. దానికి తగిలించి ఉన్న వ్యోమనౌకలోకి మనుషులు ఎక్కి, తలుపులు మూసి, గాలి కారడం లేదని చూసుకుని విడదీయడం గంటల పని.

అందుకే అమెరికన్ సూటు వీపున సేఫర్ అనే చిన్న యంత్రం పెడతారు. 1994 సెప్టెంబరులో షటిల్ యాత్రలో మార్క్ లీ, కార్ల్ మీడ్ దాన్ని తాడు లేకుండా పరీక్షించారు. దానిలో 24 జెట్లు, సుమారు 1.4 కిలోల నైట్రోజన్ ఉంటాయి. మొత్తం మీద సెకనుకు 3 మీటర్ల వేగం మార్పుకు మాత్రమే అది చాలుతుంది. వేరుపడిన మనిషి సాధారణంగా దొర్లుతూ పోతాడు కనుక, యంత్రం మొదట ఆ దొర్లుడును తనంతట తానే ఆపుతుంది. తరువాత అతడు కేంద్రం ఎటుందో వెతికి, దాని వైపు తిరిగి, కొద్దిగా తోసుకుని, దగ్గరికి వచ్చాక వేగం తగ్గించుకుని పిడి అందుకోవాలి. గురి తప్పితే మరో ప్రయత్నానికి నైట్రోజన్ మిగులుతుందన్న భరోసా లేదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో వర్చువల్ రియాలిటీ కళ్ళద్దాలతో ఈ తిరుగు ప్రయాణాన్ని ముందే సాధన చేయిస్తారు. నిజమైన ఆపదలో సేఫర్‌ను వాడవలసిన అవసరం ఇంతవరకు రాలేదు.