తల్లివేరు ఉన్న మొక్క

అమ్మాయీ,

బటర్‌ఫ్లై వీడ్ గింజలు తెప్పించుకున్నావని విని ఎంత సంతోషించానో! ఉత్తర అమెరికా పచ్చికబయళ్లలో తనంతట తాను పెరిగే మొక్క అది. మన జిల్లేడుకు చుట్టం. కాయ పగిలినప్పుడు చూడు, అదే పట్టులాంటి దూది, కొసన ఒక గింజ. కాకపోతే దీని కాడ తుంచితే పాలు కారవు, నీళ్లలాంటి రసం వస్తుంది. అది చేతికి అంటితే మాత్రం కళ్లు నలుపుకోకు.

అన్నిటికంటే ముందు చోటు. తల్లివేరు లోతుగా దిగే మొక్క కాబట్టి ఒకసారి పాతుకున్నాక కదిలిస్తే బతకడం కష్టం. రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ పడాలి. నీడలో కాడలు సాగి వాలిపోతాయి, పువ్వు తగ్గుతుంది. ఇసుక నేలైనా, రాళ్లున్నా ఫరవాలేదు. నీరు నిలిస్తేనే ప్రమాదం, చలికాలంలో మరీను, వేరు కుళ్లిపోతుంది. నీది బంకమట్టి అయితే మడి ఎత్తు చెయ్యి. ఎరువు వెయ్యకు.

గింజకు చలి తగలాలి. తడి ఇసుకలో కలిపి నెల రోజులు ఫ్రిజ్‌లో పెట్టు, గడ్డకట్టే అరలో కాదు. లేదంటే చలికాలం ముందు నేలలోనే పావు అంగుళం లోతున వేసి వదిలెయ్యి. మొక్కకీ మొక్కకీ అడుగున్నర ఎడం ఉంచు. మొదటి ఏడాది పైన పెద్దగా ఏమీ కనిపించదు, పెరుగుదలంతా కిందనే. ఆ ఏడాది మాత్రం నేల ఎండితే నీళ్లు పొయ్యి. పువ్వు రెండో ఏడాదో, మూడో ఏడాదో వస్తుంది.

నా మొదటి మొక్కను నేనే చంపుకున్నాను. వసంతం వచ్చి తోటంతా పచ్చబడినా అక్కడ మట్టి తప్ప ఏమీ లేదు. చచ్చిపోయిందనుకుని, ఆ చోట వేరే మొక్క పెడదామని పార వేశాను. లావుపాటి వేరు సగానికి తెగి పైకొచ్చింది, దాని తలమీద అప్పుడే పుట్టిన మొగ్గ! మళ్లీ పూడ్చాను, కానీ అది లేవలేదు. ఇప్పటికీ మనసులో మెదులుతుంది. ఇది నేల బాగా వెచ్చబడ్డాకే, అందరికన్నా ఆలస్యంగా మేలుకునే మొక్క. అందుకే ఆకు రాలేలోపే పక్కన ఒక పుల్ల గుచ్చు. ఎండిన కాడలు వసంతం దాకా కొయ్యకు, అవీ గుర్తే.

వేసవిలో లేత కొమ్మలకు పసుపురంగు పేనుబంక పడుతుంది. నీళ్ల ధారతో కడిగితే చాలు, మందు కొట్టొద్దు. కడిగే ముందు ఆకుల అడుగున మోనార్క్ సీతాకోకచిలుక గుడ్లున్నాయేమో చూడు. తెలుపు, పసుపు, నలుపు చారల గొంగళిపురుగులు ఆకులు తింటుంటే తిననివ్వు, నాకైతే అందుకే ఈ మొక్కంటే ప్రాణం. కుదురుకున్న మొక్కను ఆకుల్లేకుండా తినేసినా వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది.

చోటు ఖాయం చేసే ముందు ఎండ బాగా ఉన్న రోజున పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒక్కో ఫోటో తీసి పంపు. నీడ ఎటు జరుగుతోందో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ