కోడలి రిపోర్టు ముందు మీ దగ్గరికెందుకొచ్చింది?

"20వ వారం స్కానులో మా కోడలి బిడ్డకు గుండె మధ్యగోడలో పెద్ద రంధ్రం ఉందని, పై గదులకూ కింది గదులకూ మధ్య రెండు కవాటాలకు బదులు ఒకటే ఉందని చెప్పారు. మా అబ్బాయి ఆ రిపోర్టు ముందు నాకే పంపాడు. డాక్టరు ఉమ్మనీరు తీసి పరీక్ష చేద్దామంటే కోడలు ఒప్పుకోవడం లేదు. 'తేడా ఉంటే తీయించేసుకుందాం, వయసుంది, మళ్ళీ పుడతారు' అన్నాను. అప్పట్నుంచి నాతో మాటల్లేవు. పరీక్షకు ఎలా ఒప్పించాలి?" - ఒక అత్తగారు

ఒప్పించే పని పెట్టుకోకండి. సూది దిగేది ఆమె కడుపులోకి. అసలు ఎందుకు వద్దంటోందో అడిగారా? గర్భం పోతుందని భయమైతే డాక్టరు తీరుస్తారు. ఫలితం రాగానే మీరంతా కలిసి తీయించేస్తారన్న భయమైతే అది మీ మాటతో వచ్చింది.

ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది ఆ రిపోర్టు సంగతి. కష్టమొస్తే కొడుకు అమ్మకు చెప్పుకోవడం సహజమే. కానీ భార్య కన్నా ముందు అమ్మకు తెలిసి, తల్లీకొడుకులు ఒక మాట అనేసుకున్నాక ఆమె చెవిన పడితే, దాన్ని ఆమె సలహా అనుకోదు. "నాన్నా, ముందు తనతో మాట్లాడు. ఇద్దరూ నాకేం చెప్పాలనుకుంటే అది చెప్పండి" అని మీరే అబ్బాయితో అనండి. ఇదే మాట కోడలు అంటే ఇంట్లో గొడవవుతుంది.

ఇక పరీక్ష. ఈ రకం గుండె లోపంతో పాటు డౌన్ సిండ్రోమ్ (21వ క్రోమోజోము ఒకటి ఎక్కువ ఉండటం) తరచుగా కనిపిస్తుంది, డాక్టరు అడిగింది అందుకే. 15 వారాలు దాటాక చేస్తారు. స్కానులో చూస్తూ సన్నటి సూదితో 15-20 మిల్లీలీటర్ల నీరు తీస్తారు. అనుభవమున్న చేతుల్లో గర్భం పోయే ప్రమాదం నూటికి ఒకటి కన్నా తక్కువ. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగటివ్ అయితే బిడ్డ రక్తకణాలకు వ్యతిరేకంగా ఆమె ఒంట్లో యాంటీబాడీలు తయారవకుండా 72 గంటల్లోగా యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమేమో అడగాలి, హడావుడిలో మరిచిపోయేది ఇదే. 13, 18, 21 క్రోమోజోముల ఫలితం కొద్ది రోజుల్లో వస్తుంది, చిన్నచిన్న తేడాలు చూసే మైక్రోఅరేకి రెండు వారాలైనా పట్టొచ్చు. తల్లి రక్తంతో చేసే పరీక్ష అనుమానం ఎంతో చెబుతుందే గానీ నిర్ధారించదు.

ఉమ్మనీటి ఫలితం బాగున్నా గుండె లోపం ఎక్కడికీ పోదు. దానికి పిల్లల గుండె డాక్టరు చూసే ఫీటల్ ఎకో, అంటే కడుపులోని బిడ్డ గుండెకు చేసే స్కాన్, వేరే కావాలి. ఆపరేషన్ సాధారణంగా పుట్టిన మూడు నుంచి ఆరు నెలల మధ్య: రంధ్రం మూసి, ఒక్క కవాటాన్ని రెండుగా చేస్తారు. కొందరికి ఎడమవైపు కవాటం తర్వాత లీకై మళ్ళీ ఆపరేషన్ పడుతుంది. ఈలోపు బిడ్డ పాలు తాగుతూనే అలసిపోతుంది, చెమటలు పడతాయి, బరువు సరిగా పెరగదు. కొనసాగించాలనుకుంటే ఆ నెలల్లో రాత్రుళ్ళు మేలుకునే మనిషి కావాలి. మీరు ఉండగలరా, ఇప్పుడే ఆలోచించుకోండి.

ఆమె సూది పరీక్ష వద్దనే అన్నా దారి మూసుకుపోదు. ఎకో, మళ్ళీ మళ్ళీ స్కాన్లు, పసిపిల్లల గుండె వైద్యం ఉన్నచోట కాన్పు, పుట్టాక బిడ్డ రక్తంతో క్రోమోజోముల పరీక్ష - ఇవన్నీ ఉన్నాయి. అయితే గర్భం తీయించుకోవడానికి చట్టం పెట్టే గడువు దేశాన్ని బట్టి మారుతుంది. వాళ్ళకు వర్తించే ఆఖరి తేదీ ఏదో డాక్టరును అడిగి రాసుకోమనండి. అది తెలియకుండా ఇంట్లో జరిగే చర్చంతా కంగారే.

మళ్ళీ పుడతారన్నారు. ఈపాటికి ఆమెకు బిడ్డ కదలికలు తెలుస్తూ ఉండొచ్చు. "అలా అనకూడదమ్మా, తప్పయింది" అని ఒక్కసారి అనండి, వెనకాల సంజాయిషీ వద్దు. ఏం తిన్నావు, ఏం మోశావు అని ఆరా తీయకండి. గుండె గోడలూ కవాటాలూ సుమారు 10వ వారానికే ఏర్పడిపోతాయి, ఆ తర్వాత మోసిన బరువుకీ ఈ రంధ్రానికీ సంబంధం లేదు. ఈసారి డాక్టరు దగ్గరికి వాళ్ళిద్దరే వెళ్తారు. బంధువుల ఫోన్లు మీరెత్తి, వాళ్ళు ఏం చెప్పమంటే అంతే చెప్పండి.