సాహిత్య సందేహాలు: యంత్రం తిరగబడకుండానే భయపెట్టే కథ

ప్రశ్న: అయ్యా, నేను ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో సైన్స్ ఫిక్షన్ రాస్తుంటాను, సొంత ఖర్చుతోనే అచ్చు వేయించుకుంటాను. ఇప్పుడు కృత్రిమ మేధ పాలనలో మనుషులు అణగారిపోయే డిస్టోపియా నవల మొదలుపెట్టాను. 2070లో, పేరులేని ఒక మహానగరంలో, యంత్రానికి చైతన్యం వచ్చి మనుషుల మీద తిరగబడుతుంది. చదివిన మిత్రులు ‘ఎక్కడో చూసినట్టుంది’ అంటున్నారు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: మీ మిత్రుల మాటలో నిజముంది. మనిషి తయారుచేసిన కృత్రిమ కార్మికులు తిరగబడి మనుషులనే తుదముట్టించే కథను, చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకం ‘ఆర్.యు.ఆర్.’ రూపంలో, ప్రాగ్ ప్రేక్షకులు 1921లోనే చూశారు. పాతదైనంత మాత్రాన ఆ కథను ముట్టుకోకూడదని నేననను. అయితే అందులో రచయితకు తెలియకుండానే ఒక తప్పించుకునే దారి ఏర్పడుతుంది: యంత్రమే శత్రువైనప్పుడు, దాన్ని కొన్నవారూ, దానికి లక్ష్యం నిర్ణయించినవారూ, దాని తీర్పు కింద సంతకం పెట్టినవారూ ఎవరికీ జవాబు చెప్పుకోనక్కరలేదు. నా దృష్టిలో అసలు భయం అక్కడే ఉంది.

ఇటీవలి చరిత్రను చూడండి. 2020లో కోవిడ్ కారణంగా ఇంగ్లండులో ఏ-లెవెల్ పరీక్షలు (బడి చదువు చివర, విశ్వవిద్యాలయ ప్రవేశానికి ముందు రాసేవి) రద్దయినప్పుడు, ఉపాధ్యాయులు అంచనా వేసిన గ్రేడ్లను ఒక గణన సూత్రంతో సవరించారు. ఆ సూత్రం విద్యార్థి చదివిన బడిలో గత సంవత్సరాల ఫలితాలను లెక్కలోకి తీసుకోవడంతో, దాదాపు 40 శాతం గ్రేడ్లు తగ్గిపోయాయి. ఎన్నడూ మంచి ఫలితాలు రాని బడిలో ఒక్క ప్రతిభావంతురాలు ఉంటే, ఆమె తన కంటే ముందు చదివినవారి ఫలితాల బరువును మోయవలసి వచ్చింది. విద్యార్థులు వీధుల్లోకి వచ్చాక కొద్ది రోజులకే దాన్ని ఉపసంహరించుకున్నారు. ఆస్ట్రేలియాలో ‘రోబోడెట్’ అని పేరుపడ్డ పథకం, సంక్షేమ సహాయం పొందినవారి వార్షిక ఆదాయాన్ని రెండేసి వారాల చొప్పున సమానంగా పంచి లెక్కగట్టి, లేని బాకీలకు నోటీసులు పంపింది. బాకీ లేదని నిరూపించుకోవలసిన భారం పేదవారి మీదే పడింది. 2023లో అక్కడి ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, ఆ పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అందులో వాడినది కేవలం సగటు లెక్క. దానికి మేధ పేరు కూడా తగదు. ఈ రెండు చోట్లా యంత్రానికి చైతన్యమూ లేదు, ద్వేషమూ లేదు.

ఇప్పుడు మీ నవలను ఆ మహానగరం నుంచి మీ ఊరికి తీసుకురండి. పొగాకు వేలం కేంద్రం మీకు కొత్త కాదు కదా. ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో కాల్చి, గ్రేడు చేసి తెచ్చిన పొగాకు కట్టను, అంటే బేలును, వ్యాపారి చేత్తో తడిమి ధర చెబుతాడు, లేదా ‘నో బిడ్’, అంటే కొనను, అని వదిలేస్తాడు. ఆ రైతు బేలును ఇంటికి మోసుకుపోవలసి రావచ్చు, కానీ పోయేముందు అధికారిని నిలదీయగలడు, పదిమందినీ కూడగట్టి వేలాన్ని ఆపించగలడు. మీ కథలో ఆ చేతి స్థానంలో ఒక కెమెరాను పెట్టండి. అది గత పదేళ్ల వేలం రికార్డుల నుంచి నేర్చుకున్నది కాబట్టి, ఆకును చూడకముందే అది ఏ ఊరి నుంచి వచ్చిందో చూస్తుంది. తేలిక నేలల్లో పండిన మంచి ఆకును కూడా పాత ధరలోకే నెడుతుంది. కారణం అడిగిన రైతుకు గుమాస్తా తెర చూపిస్తాడు. అతనికీ కారణం తెలియదు, తెలిసినా మార్చే అధికారం లేదు. అక్కడ ఉన్నవారిలో ఒక్కరు కూడా చెడ్డవారు కాకపోయినా ఒక ఊరు మొత్తం అప్పులపాలవుతుంది.

ఇంకొక్క మాట, ఇది చాలామంది కొత్త రచయితలు మరచిపోయేది. ఆ యంత్రం వల్ల లాభపడినవారిని తప్పకుండా చూపించండి. వరుసలు తగ్గాయని, డబ్బు అదే సాయంత్రం ఖాతాలో పడుతోందని, దళారీ బెడద పోయిందని మనస్ఫూర్తిగా సంతోషించే రైతు మీ కథలో లేకపోతే, అటువంటి ఏర్పాటును జనం ఎందుకు ఒప్పుకున్నారో పాఠకుడికి అర్థం కాదు, ఆపైన మీ ప్రపంచాన్ని అతడు నమ్మడు. వీలైతే ఆ సంతోషించే రైతు మీ కథానాయకుడికి సొంత బావమరిదే కావాలని నా కోరిక.

ప్రశ్న: కృత్రిమ మేధ మీద కథలు రాస్తున్నాను. వాటికి చాట్‌బాట్ సహాయం తీసుకోవడం తప్పా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: సమాచారం వెతుక్కోవడానికి, కాలక్రమంలో పొరపాట్లు సరిచూసుకోవడానికి వాడుకోండమ్మా, అందులో తప్పేమీ లేదు, అది చెప్పిన ప్రతి వివరాన్నీ మరొకచోట సరిచూసుకోవడం మాత్రం మానవద్దు. వాక్యాలను మాత్రం దానికి అప్పగించవద్దని గట్టిగా చెబుతాను. తాను చదివిన కోట్ల వాక్యాలను బట్టి, తరువాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో అంచనా వేయడం దాని పనితీరుకు పునాది. అందువల్ల అందరూ రాసే వాక్యం వైపే అది మొగ్గుతుంది. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రంతా నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు వింటూ కాపలా కాసే మనిషి మాట్లాడే తెలుగు దానికి తగినంత దొరికి ఉండదు, మీకు దొరుకుతుంది.

ప్రశ్న: సొంతంగా ప్రచురించే నవలకు ఐ.ఎస్.బి.ఎన్., కాపీరైటు నమోదు తప్పనిసరా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: కాపీరైటు రచనతో పాటే పుడుతుంది, 1957 చట్టం ప్రకారం రచయిత జీవితకాలమూ, ఆపైన 60 సంవత్సరాలూ ఉంటుంది. నమోదు తప్పనిసరి కాదు గానీ వివాదం వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య ఐ.ఎస్.బి.ఎన్. కూడా చట్టరీత్యా తప్పనిసరి కాదు. అయితే దుకాణాలూ గ్రంథాలయాలూ పుస్తకాన్ని గుర్తించడానికి అది అవసరం. రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ దాన్ని రచయితలకు కూడా ఉచితంగానే ఇస్తుంది. అచ్చు ప్రతికీ ఈ-బుక్‌కూ వేర్వేరు సంఖ్యలు తీసుకోండి. పేజీలు కూర్చే డీటీపీలో, యూనికోడ్ కాని అను ఫాంట్లలోకి మార్చినప్పుడు వత్తులు చెదిరిపోవడం మామూలే కనుక, చివరి ప్రూఫును మీరే చదవండి, ఆ దిద్దుబాట్లను మీ యూనికోడ్ ప్రతిలో (ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ చదవగలిగే మూల ప్రతిలో) కూడా వెంటనే చేర్చుకోండి. లేకపోతే ఈ-బుక్ తయారుచేసే నాటికి ఆ పనంతా మళ్లీ మొదటి నుంచి చేయవలసి వస్తుంది.