ఇసుర్రాయి చప్పుడు

హనుమకొండ

అమ్మాయ్,

తెలంగాణ సాయుధ పోరాటం మీద నువ్వు రాస్తున్న నవల నాలుగు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. భయపడకు, ఎక్కువ గీతలేం పెట్టలేదు. 'ఓర్పు' అన్న మాట కనబడ్డ చోటల్లా సున్నా చుట్టాను. పదకొండు సున్నాలు తేలాయి. నీ రాజవ్వ దొర గడిలో వెట్టి చేస్తూ ఓర్చుకుంటుంది, మొగుణ్ణి పట్టుకుపోతే గడప పట్టుకుని ఓర్చుకుంటుంది. ఇంతకీ ఆమె పొద్దున్నే లేచి ఏం పని చేస్తుందో మాత్రం నాకు తెలియలేదు.

నేనూ ఇలాగే మొదలుపెట్టాను. నా మొదటి కథలో, 1947లో ఒక కూలీ ఇల్లాలు అర్ధరాత్రి దళం వాళ్ళకి వేడివేడి అన్నం వండి పెడుతుంది. అచ్చయ్యాక గర్వంగా మా అమ్మమ్మకి చదివి వినిపిస్తే కిసుక్కున నవ్వింది. "బియ్యం ఎక్కడివే బిడ్డా మాకు? పండుగనాడు తింటే తింటిమి. రోజూ జొన్న గటకనాయె." అక్కడితో వదల్లేదు. "జొన్నలు ఇసరాలె గద? ఇద్దరికి ఇసిరే ఇంట్ల పదిమందికి ఇసిరితే పక్కింటోళ్ళకు ఇనబడదా?"

నా కథ అక్కడే కూలింది. ఆ చప్పుడు దాచడానికి ఆమె ఏం చేస్తుంది? పగలే రోజుకో గుప్పెడు ఎక్కువ విసిరి దాచుకుంటుందా? ఆ పిండి ఏ కుండలో పెడుతుంది? అత్త అడిగితే ఏమంటుంది? పటేలు మనిషి వాకిట్లో నిలబడి "ఎవరొచ్చిన్రు?" అంటే? ఇవన్నీ రాసుకుంటూ పోయాక చూసుకుంటే, ధైర్యం అన్న మాట కథలో ఒక్కసారి కూడా రాలేదు.

ఐదో అధ్యాయంలో చాకలి ఐలమ్మను తెస్తానన్నావు. తీసుకురా, కానీ కూడలిలో విగ్రహాన్ని చూసి రాయకు. పాలకుర్తిలో ఆమె కొట్లాడింది కౌలుకు తీసుకున్న నాలుగెకరాల పంట కోసం. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోదామని వస్తే, ఆంధ్ర మహాసభ సంఘం వాళ్ళు అడ్డుపడి వడ్లు ఆమె ఇంటికి చేర్చారు. అంతవరకు అందరూ రాసేదే. వడ్లు ఇంటికొచ్చిన ఆ రాత్రి ఆమె ఏ చప్పుడికి ఉలిక్కిపడి లేచిందో నువ్వు ఊహించు.

మూడో అధ్యాయంలో నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు ఊరి మీద పడ్డ రాత్రి నాకు నచ్చలేదు. రెండు పేజీలు రాశావు. ఆమె ఒంటిని చూస్తున్నది నువ్వా, వాళ్ళా? ఆ రెండు పేజీలూ కొట్టేసెయ్. మర్నాడు ఆమె బావికి నీళ్ళకు వెళ్ళిందా, గిలక దగ్గర ఎవరు మాటలాపేశారు, ఎవరు కిక్కురుమనకుండా బిందె ఎత్తిపెట్టారు? ఆ పొద్దు రాయి.

ఇంకొకటి. గడి ముందు రాజవ్వ చేత "నన్ను క్షమించండి దొరగారూ" అనిపించావు. ఆమె నోట వచ్చేది "బాంచెన్ దొరా, నీ కాల్మొక్త". బతకడానికి నేర్చుకున్న మాట అది. ఆ నోరే ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని దొర ఏడు తరాలనీ తిడుతుంది చూడూ, ఆ తిట్లు కూడా కావాలి నాకు. నీ నవలలో ఇంతవరకు ఏ ఆడదీ తిట్టలేదు, నవ్వనూ లేదు. మా అమ్మమ్మ అయితే రెండూ కలిపే చేసేది.

స్త్రీ శక్తి సంఘటన 1986లో వేసిన 'మనకు తెలియని మన చరిత్ర' ఎక్కడైనా సంపాదించి చదువు. పోరాటంలో ఉన్న ఆడవాళ్ళు తమ గొంతుతో చెప్పుకున్నది. 1951 అక్టోబరులో ఉద్యమం విరమించాక తమకేమైందో కూడా చెప్పారు. నీ ప్రణాళికలో నవల ఆ విరమణ దగ్గరే ఆగిపోతోంది. దాన్ని ఇంకో పదేళ్ళు లాగు. కమ్యూనిస్టు కార్యకర్త కొండపల్లి కోటేశ్వరమ్మ అజ్ఞాతవాసం నుంచి బయటపడి, ముప్పై దాటాక మళ్ళీ చదువుకుని, కాకినాడలో హాస్టల్ ఉద్యోగంతో బతికారు. మరి రాజవ్వ ఊరికి తిరిగొచ్చాక ఎవరింట్లో పనికి కుదిరింది?

సంక్రాంతికి ఇటు వస్తానన్నావుగా. అమ్మమ్మ ఇసుర్రాయి మా పెరట్లోనే ఉంది, పిడి ఊడింది గానీ వడ్రంగి చేత వేయించి ఉంచుతాను. శేరు జొన్నలు నీ చేత విసిరిస్తా. నేను గోడవతల నిలబడి వింటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ